సప్న మరిచిపోయిన భాషలు

పని వచ్చినోళ్ల నెత్తినే ఇంకింత పని పెట్టుడు మా ఆఫీసుల దస్తూర్. మూడు రాష్ట్రాల సరిహద్దుల ఉన్న మా చిద్రిల, ట్రాక్టర్ షోరూంల బిల్లులు రాసే సప్ననే చూడుండ్రి. ఇంట్ల తెలుగు, బడిల కన్నడ, బజార్ల ఉర్దూ, కుశనూర్ల మేనమామ ఇంట్ల మరాఠీ నేర్చింది. ఏ రైతు వచ్చినా మేనేజర్ శివానంద్ సార్ "సప్నా, జర మాట్లాడమ్మా" అంటుండె. మాట్లాడేది ఆమె, ట్రాక్టర్ అమ్మిన పేరేమో సార్‌ది.

"నన్ను సేల్స్‌ల పెట్టుండ్రి సార్" అని అడిగితె, "చూద్దాం తీ" అన్నడు.

తెల్లారి సప్న మరాఠీ మరిచిపోయింది. ఔరాద్ రైతు మరాఠీల ధర అడుగుతుంటె ఉత్తగ నవ్వింది. కొన్నాళ్లకు ఉర్దూ గూడ పోయింది. సార్ హైరాన్ అయిండు.

"ఏమైందమ్మా?"

"యాదికొస్తలేదు సార్. బిల్లులు రాసేదానికి గిన్ని భాషలెందుకని తలకాయే వాటిని తీసేసినట్టుంది."

కొనేటోళ్లు వాపస్ పోవుడు చూసి సార్ దారికొచ్చిండు. సప్న సేల్స్ ఆఫీసరైంది. ప్రమోషన్ ఆర్డర్ చేతిల పడంగనే భాషలన్నీ తిరిగొచ్చినయ్.

నిన్న సార్ పాత అలవాటున, "సప్నా, జర బిల్లులు గూడ రాయమ్మా" అన్నడు.

సప్న నవ్వింది. "రాయనని ఏ భాషల చెప్పాలె సార్?"