మా తమ్ముడి మాట విన్న టీచరమ్మ

ఆ రోజు తెల్లవారినప్పటి నుంచి మబ్బు పట్టి ఉంది. ముందు రోజే కుండలు కాల్చడానికి ఆవం పేర్చాము. వాన పడితే పచ్చి కుండలన్నీ మళ్లీ మట్టే అవుతాయి. నిప్పు పెట్టాలా, ఆగాలా అని నేను ఆకాశం వైపు చూస్తున్నాను. అమ్మ పిడకలు సర్దుతోంది. అప్పుడు ఎస్టీడీ బూత్ అతను రోడ్డు మీద నుంచే పిలిచాడు. దవాఖాన నుంచి ఫోన్ వచ్చిందన్నాడు. మా ఇంట్లో కిరాయికి ఉండే టీచరమ్మ తెల్లవారుజామున పోయారని, మాకు చెప్పమని ఆమె భర్త, మా సారు, అన్నారట. కామెర్లు ముదిరి ఆమె కొన్నాళ్లుగా అక్కడే ఉన్నారు.

అమ్మ చేతిలో పిడక కింద పెట్టి అక్కడే కూర్చుంది. కొంతసేపటికి, "నిప్పు పెట్టు కొడుకా, వాన ఆగదు" అంది. పెట్టాను.

ఆమె దగ్గర చదువుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చదవలేదు. ఆమె మా ఇంట్లో కొన్నేళ్లు ఉన్నారు, అంతే. ఆ కొన్నేళ్లలో మా ఇంటికి జరిగిన మేలు చెప్పాలని ఇది రాస్తున్నాను.

మాది మాదాపూర్, కుమ్మరి ఇల్లు. ఆమెది భీమవరం దగ్గర పల్లె. శేరిలింగంపల్లిలో సర్కారు బడిలో సైన్సు చెప్పేవారు. సారుది నగరంలో ప్రభుత్వ ఉద్యోగం. పిల్లలు లేరు. మా ఇంటి వెనక రెండు గదులు తీసుకున్నారు. అప్పుడప్పుడే గుట్టల అవతల పెద్ద పెద్ద కట్టడాలు లేస్తున్నాయి. మధ్యాహ్నం పూట రాళ్లు పేల్చేవాళ్లు.

మా తమ్ముడికి అప్పటికి ఇరవై దాటాయి. వాడు మనిషి ముఖం చూడడు. పిలిస్తే పలకడు. మట్టి తొక్కుతాడు, కాలిన కుండను వేలితో కొట్టి మోత వింటాడు. వాడు నోరు తెరిస్తే ఎప్పుడో ఎవరో అన్న మాటలు, అదే గొంతుతో వచ్చేవి. ఊళ్లో పిచ్చోడనేవారు. అమ్మ ఆ మాటకు అలవాటు పడింది.

పేలుడు వినబడితే వాడు పెద్ద మట్టి గోలేల మధ్య దూరి ముడుచుకునేవాడు. టీచరమ్మ అది చూశారు. మర్నాటి నుంచి మా వాకిట్లోకి వచ్చే ముందు చప్పుడు కాకుండా చేతి గాజులు తీసి కిటికీలో పెట్టి వచ్చేవారు. బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కుని, స్టీలు గ్లాసులో కాఫీతో గడప మీద కూర్చునేవారు. తమ్ముడికి ఎదురుగా కాదు, పక్కకు తిరిగి.

"ముఖంలోకి చూస్తే ఆయన పని ఆగిపోతుందండి" అన్నారు ఒకసారి.

అమ్మకు నవ్వొచ్చింది. "ఎవరూ, మా చిన్నోడా? ఆయనంట!"

"మరి ఇరవయ్యేళ్లవాడిని ఏమనాలండీ?" అన్నారు టీచరమ్మ.

తర్వాతి ఆషాఢంలో బోనాలకు గుడికి పచ్చి కుండ మేమే ఇచ్చాము. రంగం చెప్పే ఆమె ఆ కాల్చని కుండ మీద నిలబడి, అమ్మవారి మాటగా ఆ ఏటి మంచిచెడ్డలు చెబుతుంది. తమ్ముడు కుండను వదలక వెంట వచ్చాడు. టీచరమ్మ కూడా వచ్చారు. డప్పుల మోతకు చెవులు మూసుకుని దాని పక్కనే కూలబడ్డాడు. ఉన్నట్టుండి మా నాయనమ్మ గొంతుతో మాట్లాడాడు. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

"ఓ పిల్లా, గా మూలకున్నది ముట్టకు. పగులుతది. ఇంటున్నవా?"

డప్పులు ఆగిపోయాయి. ముసలివాళ్లు ఆ గొంతును గుర్తుపట్టి దండం పెట్టారు. ఆ తర్వాత వాడన్నది ఎవరూ పట్టించుకోలేదు. కొద్ది రోజులకే గుట్ట పేల్చినప్పుడు ఊరి మూలన ఒక ఇంటి గోడ పగిలింది. వాడి నోట పోయినవాళ్లు పలుకుతారనడానికి ఇక ఊరికి వేరే రుజువు అక్కరలేకపోయింది.

ఆదివారాలు మనుషులు రావడం మొదలైంది. హఫీజ్‌పేట్ నుంచి కూడా వచ్చారు. పోయిన తమవాళ్లను పలికించమనేవారు. తమ్ముడి నుదుట పసుపు పూసి, మెడలో వేపమండలు వేసి, ముందు టెంకాయలు కొట్టేవారు. ఒకామెకు నిజంగానే భర్త గొంతు వినిపించింది. "గింత పల్చగ చేస్తే నీళ్లు నిలుస్తయా?" అని అతను మా దగ్గర కుండ బేరమాడినప్పటి మాట. ఆమె ఆ మాటకే ఏడ్చి, వాడి కాళ్లు మొక్కి పోయింది.

పిచ్చోని తల్లి అన్నవాళ్లే అమ్మను చూస్తే లేచి నిలబడేవారు. తమ్ముడు మాత్రం తిండి మానేశాడు. మట్టి ముట్టడం మానేశాడు. టెంకాయ పగిలినప్పుడల్లా గోడకు తల కొట్టుకునేవాడు. పసుపు కింద పుండు పడింది. అమ్మ దాన్ని కూడా పూనకమే అనుకుంది.

ఒక రోజు అందరూ పోయాక టీచరమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నారు.

"అక్కయ్యగారూ, ఆ రోజు గుడి దగ్గర మీ అత్తగారి మాట అయ్యాక ఇంకో గొంతు కూడా వచ్చింది కదండీ. 'ముట్ట తియ్ అత్తా' అని. అదెవరిది?"

అమ్మ ఆలోచించింది. "నాదే. ముట్టనన్న. మూలకు పచ్చి కుండలు ఆరవెట్టినం. వీడు గప్పుడు చిన్నపిల్లగాడు, నా సంకలున్నడు."

"మీరు బతికే ఉన్నారు కదండీ."

అమ్మ కింద పడ్డ టెంకాయ చిప్ప ఒకటి తీసి పక్కన పెట్టింది. తర్వాత, "అయితే మా అత్త రాలే" అంది.

"రాలేదండి. ఆవిడ అన్న మాట ఆయన దగ్గర పోకుండా ఉంది."

"గది గూడ తక్వ గాదు గద టీచరమ్మా."

"తక్కువ కాదు. కానీ దానికి ఇట్లా దండాలు పెడుతూ పోతే ఆయన చచ్చిపోతాడు."

ఆమె అంత కరుకుగా మాట్లాడటం నేను విన్నది అదొక్కసారే.

సెలవు పెట్టి, తమ్ముడిని నగరంలో ఒక డాక్టరుకు ఆమే చూపించారు. ఆటిజం అన్నాడాయన. ఆ మాట మా ఊళ్లో ఎవరూ విని ఉండలేదు. మాకేదో అర్థమైందంటే ఆమె వల్లే. నేను మట్టి పిసుకుతుంటే చెప్పేవారు. మనిషి మెదడు ఒక్కరోజులో తయారు కాలేదట, లక్షల ఏళ్లు పట్టిందట. మాట వచ్చాక మనిషి విన్నదంతా ఉంచుకోవడం మానేశాడని కొందరు చదువుకున్నవాళ్లు అంటారట.

"మనం మాట విని భావం ఉంచుకుంటాం, మాటను పారేస్తాం. ఆ పారేయడం లేకపోతే మనకి ఆలోచన సాగదు. ఆయనకి పారేయడం రాదండి. రాత లేని కాలంలో నీళ్లు ఎక్కడున్నాయో, దారి ఎటో ఇలాంటివాళ్ల వల్లే గుంపుకి గుర్తుండేదని కొందరంటారు. ఊహేనండి. రుజువు లేదు, నాకూ తెలియదు."

తెలియనిది తెలియదని చెప్పడం ఆమె అలవాటు. అందుకే తెలుసన్నది నమ్మేవాళ్లం.

అమ్మ అడిగింది, "బ్రహ్మ గూడ కుమ్మరే అంటరు. గీ కుండ చేసేటప్పుడు ఆయన చెయ్యి జారిందా?"

"ఒకే చేత్తో చేసిన కుండలు రెండు ఒక్కలాగే ఉంటాయా అక్కయ్యగారూ?"

"అచ్చుల పోస్తే ఉంటయి."

"మనిషిని అచ్చులో పోయరండి."

ఇంకొకటి కూడా అన్నారు. ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఇలా గొంతులు గుర్తుంచుకోవడం లాంటి విద్య ఏదీ ఉండదట. "రేపు ఆయన ఆ గొంతులన్నీ మరిచిపోయినా మీ కొడుకేగా? ముందు అది ఖాయం చేసుకోండి" అన్నారు. ఆ రాత్రి అమ్మ వాడి మెడలో వేపమండలు తీసి పెంటకుప్పలో వేసింది.

ఆదివారం గేటు దగ్గర అమ్మే నిలబడింది. వచ్చినవాళ్లు ఊరుకోలేదు. "ఏందే, కిరాయికున్నామె మాట విని దేవుణ్ణి ఇంట్ల దాచుకుంటవా?" అందొకామె.

"దేవుడు గుడిల ఉన్నడు. ఈడ నా కొడుకున్నడు" అంది అమ్మ. "కుండ గావాల్నంటే చెప్పు, ఇస్త."

చాలాకాలం తిట్లు తిన్నాము. కొందరు మా దగ్గర కుండలు కొనడం మానేశారు. తమ్ముడు మాత్రం తినడం మొదలుపెట్టాడు. పుండు మానింది. ఒక పొద్దున చూస్తే మట్టి తొక్కుతున్నాడు. టీచరమ్మ గడప మీద కాఫీ తాగుతూ ఉన్నారు.

ఆమె పోయాక సారు కర్మలు వాళ్ల ఊళ్లో చేసి, గదులు ఖాళీ చేయడానికి వచ్చారు. సామాను కట్టుకున్న సాయంత్రం మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. చదువుకున్న మనిషి, ఎక్కువ మాట్లాడని మనిషి.

"అక్కయ్యగారూ, మీ అబ్బాయి రోజూ ఆవిడ మాట విన్నవాడే కదా. ఒక్కసారి..." అని ఆగిపోయారు.

అమ్మ చేతులు తుడుచుకుంది. "పిలిస్తే వచ్చేది గాదు సారూ. ఆమెనే చెప్పింది నాకు."

"తెలుసండి" అన్నారాయన. అయినా కదలలేదు.

అమ్మ పీట తెచ్చి వేసింది. "కూసోండ్రి. వాని పని వాడు చేసుకుంటడు. ఏమన్న అంటే ఇనండ్రి. అడగకుండ్రి."

సారు కూర్చున్నారు. తమ్ముడు కుండలు దించి వరుసగా పెడుతున్నాడు. అమ్మ నీళ్లు ఇస్తే సారు తాగారు. ఆ సాయంత్రం తమ్ముడు ఎవరి గొంతుతోనూ ఒక్క మాట అనలేదు.

దీపాలు పెట్టే వేళకు సారు లేచి లోపలికి వెళ్లారు. మర్నాడు పొద్దున్నే సామాను లారీకి ఎత్తించి భీమవరం వెళ్లిపోయారు.