యూరియాతో గీసిన పెనాల్టీ బాక్సు

మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు చరిత్ర రాయమని కుర్రాళ్ళు నన్నే అడిగారు. క్లబ్బు ఎలా పుట్టిందో ఎవరైనా చెప్పగలరు. ఎలా మునిగిందో చెప్పాలంటే ముంచినవాడే కావాలి కదా. అందుకే ముందే చెప్పేస్తున్నాను, ఇందులో కప్పులుండవు, పతకాలుండవు. ఒక సర్వనాశనం ఉంటుంది, దానికి కార్యదర్శిని నేను.

చోడవరంలో మాడుగుల బస్సెక్కితే దారిలో మా ఊరి మెట్ట కనిపిస్తుంది. అందులో అప్పలనాయుడు తాత నేల చెక్క ఒక్కటే బల్లపరుపుగా ఉండేది. చెరుకూ వరీ తప్ప మరో లోకం ఎరగని ఊళ్ళో, బంతి తన్నుకోవడానికి జాగా ఇచ్చిన మహానుభావుడు ఆయన ఒక్కడే. వానలు పడి ఆయన నువ్వులు చల్లేదాకా ఆ చెక్క మాదే. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని, ఎవరు గోల్ కొట్టినా ఒకేలా సంతోషించేవాడు. ఆయన షరతు ఒక్కటే.

"ఆడుకోండి. నా నేలకి సెడ్డ సేసేది మాత్రం ఏదీ ఎయ్యకండి. సున్నం అసలే ఒద్దు."

కాబట్టి మా గీతలు మనసుల్లోనే ఉండేవి. ఎవరి మనసులో గీత వారిది కనక ప్రతి ఆటా కొట్లాటతో ముగిసేది. ఇలా ఉండగా రోలుగుంట కుర్రాళ్ళు మా ఊరొచ్చి ఆడతామన్నారు. బయటి జట్టు మా గడప తొక్కడం అదే మొదలు. రిఫరీగా ఒక డ్రిల్లు మాస్టారిని కూడా తెస్తామనీ, గీతలు లేకపోతే ఆట లేదనీ కబురు పెట్టారు.

ముగ్గు వేయొచ్చుగా అంటారా? ముగ్గుపిండి సున్నానికి చుట్టమేనని తాత ఏనాడో తేల్చేశాడు. బూడిద వేస్తే నేలలో కలిసిపోయి కనిపించదు. తెల్లగా ఉండాలి, నేలకు మంచి చేయాలి. అప్పుడు వెలిగింది నా బుర్ర. నాన్న చెరుకుతోట కోసం తెచ్చి వసారాలో దాచిన యూరియా బస్తాలు నావైపే చూస్తున్నాయి.

మా గోల్‌కీపర్ సత్యం ఒక్కడే అనుమానపడ్డాడు. "ఒరే, యూరియాతో గీతలేటిరా?"

"నేలకి బలంరా. తాత మనకి దండెయ్యాల," అన్నాను.

ఆట ముందురోజు సాయంత్రం తాడు లాగి, మేకులు దిగ్గొట్టి, ఒక బస్తా పూర్తిగా ఒలకబోశాను. గీతలు అచ్చు టీవీలో కనిపించినట్టే వచ్చాయి. రాత్రి చిన్న జల్లు పడింది. తెల్లారి చూస్తే గీతలన్నీ నేల తాగేసింది. తెలివైనవాడైతే అక్కడితో ఆగేవాడు. నేను రెండో బస్తా మోసుకొచ్చాను.

తడినేల మీద అవి కూడా ఎంతసేపుంటాయి? ఆట సగానికొచ్చేసరికి బాక్సు ఎక్కడ మొదలవుతుందో దేవుడికే తెలియాలి. మా వాడొకడు రోలుగుంట కుర్రాణ్ణి పడేశాడు. అది బాక్సు లోపలో బయటో తేల్చడానికి మాస్టారు వంగి చూశారు, వేలితో మట్టి తీసి వాసన కూడా చూశారు. చివరికి పెనాల్టీ ఇచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మేము ఇంట్లోనే ఓడి, రచ్చ దాకా వెళ్ళే శ్రమ తప్పించుకున్నాం. నాన్న యూరియా గురించి నన్ను అడిగిన తీరు ఇక్కడ రాయను.

ఆ వారమే పెద్దవాన పడింది. తాత పైపైన ఒక సాలు దున్ని నువ్వులు చల్లాడు. చేను మొలిచింది, ఎదిగింది. ఒకరోజు నన్ను రమ్మని కబురొచ్చింది. వెళ్ళి చూద్దును కదా, మోకాలెత్తు చేను మధ్యలో నడుమెత్తున, నల్లగా నిగనిగలాడుతూ ఫుట్‌బాల్ గ్రౌండు నిలబడి ఉంది.

తాత కర్రతో చూపించాడు. "ఏటిది?"

"పెనాల్టీ బాక్సు, తాతా."

"మరా గుండ్రం?"

"సెంటర్ సర్కిల్."

తిట్టలేదు. తిడితే బాగుండును. ఆ బలిసిన గీతల్లో ఆకే తప్ప కాయ లేదు. ఆ ఆకుకే ముందు పురుగొచ్చింది. కొన్నాళ్ళు గీతల మీదే తిరిగి, తర్వాత మాకంటే బాగా ఆట నేర్చుకుని గ్రౌండంతా ఆడేసింది. ఆ ఏడు తాతకు విత్తనం కూడా తిరిగి రాలేదు. అప్పుడు నన్ను మళ్ళీ గట్టు మీదకి పిలిచాడు.

"ఈ పంటొక్కటీ సేతికొస్తే సేద్దెం మానేసి, ఈ సెక్క మీ బంతాటకే ఒగ్గేద్దారనుకున్నానురా," అన్నాడు. "ఇంకిప్పుడు సరుగుడు ఏసేస్తాను. దానికైతే నాను సూసుకోనక్కర్లేదు."

గట్టు మీదే కూర్చుని ఏడ్చాను. తాత నా భుజం తట్టాడు. ఓదారుస్తాడనుకున్నాను. చేతిలో తాడూ మేకులూ పెట్టాడు.

"గీతలు బాగా గీస్తావు కదేటి. వరసలు నువ్వే గియ్యి."

గీశాను. మా జట్టంతా బంతి పట్టుకుని గట్టు మీద నిలబడి చూస్తుండగా, సెంటర్ సర్కిల్ మీదుగా మొదటి వరస నేనే గీశాను. ఇప్పుడు మా క్లబ్బుకు జెర్సీలున్నాయి, అధ్యక్షుడున్నాడు, నేనున్నాను, గ్రౌండు లేదు. బస్సులో పోయేవాళ్ళు ఆ తోట చూసి వరసలు ఎంత తిన్నగా ఉన్నాయో అంటుంటారు. నేను కిటికీ నుంచి మొహం తిప్పుకుంటాను.

కాబట్టి పైనున్న సూర్యుడి సాక్షిగా, నాన్నకు మిగిలిన బస్తాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్ళీ గీత గీయను. ఈ చరిత్రకు మార్జిను కూడా కొట్టలేదు, చూసుకోండి.