రాయి వేడెక్కేదాకా

మా జువాలజీ మేడం పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. "మేడం ఇక లేరు" అని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో కబురొచ్చింది. చదవగానే నాకు ముందు ఏడుపు రాలేదు, భయమేసింది. ఆవిడే గనక ఆ వాక్యం చూసుంటే ఎర్రసిరాతో సున్నా చుట్టి, "ఎవరు వెతికారు? ఎక్కడ? ఏ టైంలో?" అని పక్కన రాసి వెనక్కిచ్చేవారు. డిగ్రీ చదివినన్నాళ్లూ మా రికార్డులన్నీ అలాగే వెనక్కొచ్చాయి.

ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో అంచనా వేయడం, అందులో ముందు దేన్ని కాపాడాలో తేల్చడం ఆవిడ చెప్పే పాఠం. బెల్లు కొట్టాక కూడా అది ఆగేది కాదు. క్రిస్మస్ వారంలో గులాబీ పువ్వుల పిండివంట డబ్బా తెచ్చి స్టాఫ్‌రూములో మూత తీసేవారు. మేం ఎగబడ్డాక అడుగున ఒక్కటి మిగిలితే, "జాతి మొత్తానికి ఇదొక్కటేరా. తిన్నవాడు చరిత్రలో నిలిచిపోతాడు," అనేవారు. నేను చరిత్రలో చాలాసార్లు నిలిచాను. నా అటెండెన్సు తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతి అనీ, దాని సహజ ఆవాసం క్యాంటీన్ అనీ ప్రిన్సిపాల్ ముందే ప్రకటించిన ఘనత కూడా ఆవిడదే.

నేరేడ్‌మెట్ నుంచి స్కూటీ మీద వచ్చేవారు. దిగి హెల్మెట్ తీసి, డిక్కీలోంచి తాటాకు టోపీ తీసి అదే చేత్తో నెత్తిన పెట్టేసేవారు. మధ్యలో జుట్టు సర్దుకునే ప్రసక్తే లేదు.

మేం ఫైనలియర్‌లో ఉండగా యాప్రాల్‌లో ఒక కాలనీ అసోసియేషన్ వాళ్లు తమ ఖాళీ జాగాని పార్కు చేయాలనుకున్నారు. అందులో ఒక మూల నెమళ్లు తిరిగే పొదలు, ఇంకో మూల పెద్ద పెద్ద బండరాళ్లు. ఒక్క మూల మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తాం, ఏ మూలో మీరే చెప్పండి అని మేడంని అడిగారు. రెండోది చదును చేసేస్తారు. పొదల్లో నెమళ్లు, బండల మీద రాతి తొండలు ఎన్నున్నాయో చూసి రమ్మని మేడం మమ్మల్ని సర్వేకి పంపారు.

పిట్టల్ని చూసేవాళ్లు తెల్లారకముందే పోతారని విని మేమూ అలాగే పోయాం. నెమళ్లు పెళ్లి ఫొటోలకు నిలబడ్డట్టు నిలబడ్డాయి. బండల మీద ఏమీ లేదు. "రాతి తొండలు లేవు" అని రాసేసి, ఇడ్లీ తిని, ప్రకృతికి మేలు చేసిన తృప్తితో తిరిగొచ్చాం.

మేడం చదివి, ఎప్పుడు వెళ్లారని అడిగారు.

"ఆరింటికే పోయినం మేడం," అన్నాను గర్వంగా.

"డిసెంబర్లో ఆరింటికి లేస్తావా నువ్వు?"

"మీరు చెప్తే లేచిన మేడం."

"తొండకి నేను చెప్పలేదు కదరా."

ఆ శనివారం ఎండ బాగా ఎక్కాక మమ్మల్ని తనే తీసుకెళ్లారు. పిల్లలకి జ్వరం చూసినట్టు చెయ్యి వెనక్కి తిప్పి బండకి ఆనించారు. ఇంకా వేడెక్కలేదు, కూర్చోండి అన్నారు. కూర్చున్నాం. "కనబడలేదు అని రాయండి. లేదు అనాలంటే ముందు దాని టైంకి మనం రావాలి," అన్నారు. కాసేపటికి పగుల్లోంచి ఒక తల లేచింది. దుమ్ము రంగు తొండ. బండెక్కి, గోడవతలి కంటోన్మెంట్ జవాన్లా దండీలు తీయడం షురూ చేసింది. దాని వెనకే ఇంకోటి.

అసోసియేషన్ మీటింగులో జనమంతా నెమలి పార్టీ. "మేడం, నెమలంటే జాతీయ పక్షి. గీ తొండను చూడనీకి ఎవరొస్తరు?" అన్నారు ప్రెసిడెంట్ అంకుల్.

"ఎవరూ రారండి," అన్నారు మేడం. "పొదలు కొట్టేస్తే నెమలి గోడ దాటి కంటోన్మెంట్‌లోకి పోతుంది. అక్కడ బోలెడు చెట్లున్నాయి. ఈ బండలు పగలగొడితే ఇది ఎటు పోతుందో చెప్పండి, నేనూ నెమలికే ఓటేస్తాను."

అంకుల్ కిటికీలోంచి బయటికి చూశారు. ఒకవైపు గోడవతల చెట్లు, మిగతా అంతా అపార్ట్‌మెంట్లే; ఇంకో బండ ఒక్కటీ లేదు. చివరికి, బండలు ఉంచుదాం గానీ బోర్డు మీద మాత్రం నెమలి బొమ్మే వేయిస్తానన్నారు. వేయించారు కూడా. బయటికొచ్చి మేం చప్పట్లు కొట్టబోతే మేడం ఆపారు. "పొదలు పోతున్నాయి కదరా," అన్నారు. హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయారు.

బుధవారం సమాధి కార్యక్రమం అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. ఎవరు ముందు బండి తిప్పారో తెలీదు, అందరం యాప్రాల్‌లో తేలాం. ఈ వానల్లోనే మగ తొండ వీపు కుంకుమ రంగుకి తిరుగుతుందని ఆవిడే చెప్పారు. కానీ ఆకాశం మబ్బుగా ఉంది. మా బ్యాచ్ టాపర్ తెల్లచొక్కా మడతలు చూసుకుంటూ బండ చుట్టూ తిరిగొచ్చి, "ఏం లేవురా," అన్నాడు.

"కనబడలే అను," అని అందరం ఒక్కసారే మీద పడ్డాం.

"కనబడలే," అన్నాడు వాడు బుద్ధిగా.

నేను చెయ్యి వెనక్కి తిప్పి బండకి ఆనించాను. చల్లగా ఉంది. గోడవతల కంటోన్మెంట్‌లో ఎక్కడో నెమలి అరిచింది. మబ్బు కొంచెం జరిగి, ఎండ బండ అవతలి అంచున పడి, మెల్లగా మావైపు రావడం మొదలుపెట్టింది. మేం చెప్పులు విడిచి, నెమలి బొమ్మ బోర్డు కింద వరసగా కూర్చున్నాం.