ఐదో నెల, అత్త కిడ్నీ, నా అనుమానాలు

ముందే ఒప్పుకుంటాను. నా భార్య హేమ గర్భంతో ఉన్నప్పుడు, ఆమెకు అమర్చిన కిడ్నీ ఎందుకు దెబ్బతింటోందో కనిపెట్టాలని నేను మందుల షాపును అనుమానించాను, ల్యాబును అనుమానించాను, చివరికి ఆ కిడ్నీ ఇచ్చిన మనిషినే అనుమానించాను. ఇంకా అనుమానించాల్సిన ఒక్కడు రోజూ పొద్దున అద్దంలో కనపడేవాడు. వాడికి గడ్డం గీసి పంపేసేవాణ్ణి తప్ప ఒక్క ప్రశ్నా వేయలేదు.

తేడా మొదట తెలిసింది ఒక ఆదివారం పొద్దున. అప్పటికి ఐదో నెల. హేమ కాఫీ గ్లాసు ఎత్తితే కాఫీ అంచు దాటి చీర మీద చిందింది. చేతులు రెండూ సన్నగా వణుకుతున్నాయి. రాత్రి నిద్ర లేదని తనంది. నీరసమని నేను తీర్మానించి, ఆ రోజు నుంచి పండ్లు ఇంకాస్త ఎక్కువగా కోసి పెట్టసాగాను.

మాది చంద్రగిరి దారిలో చిన్న నర్సరీ. పిల్లల నర్సరీ కాదు, మొక్కలది. మామిడి అంట్లు కట్టి అమ్ముతాను. పెళ్లయిన రెండో ఏడే హేమకు కిడ్నీలు పాడై, ఏడాదికి పైగా డయాలసిస్ మీద బతికింది. తర్వాత మా అత్త, అంటే హేమ వాళ్లమ్మ, తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఆపరేషన్ తిరుపతిలో జరిగింది. మనిద్దరిదీ ఒకటే వృత్తి మేడమ్, అంటు కట్టడమే అని నేను కిడ్నీ డాక్టరుతో గొప్పగా చెప్పుకున్నాను. మీ మొక్కలకు జీవితాంతం మాత్రలు అక్కర్లేదు కదా అని ఆవిడ నవ్వారు.

మూడేళ్లు బాగానే గడిచాయి. బిడ్డ కావాలని హేమే అడిగింది. డాక్టరు వెంటనే సరే అనలేదు, కాదనీ అనలేదు. రిపోర్టులన్నీ వరసగా పేర్చి చూశారు. "క్రియాటినిన్ నిలకడగా ఉంది, యూరిన్‌లో ప్రోటీన్ పోవడం లేదు, బీపీ అదుపులో ఉంది. ప్రయత్నించవచ్చు. కానీ ముందు మందులు మార్చాలి. కొన్ని బిడ్డకు ప్రమాదం. మీ అంతట మీరు ఒక్క మాత్ర ఆపకూడదు, ఒక్కటి మొదలుపెట్టకూడదు" అన్నారు. మైకోఫినోలేట్ ఆపి అజాథయోప్రిన్ ఇచ్చారు. బీపీ మాత్ర మార్చారు. టాక్రోలిమస్ మాత్రం కొనసాగింది. శరీరం కొత్త కిడ్నీని పరాయిదని తరిమేయకుండా కాపలా కాసేది అదే. కొన్ని నెలలు చూసి, అంతా కుదురుగా ఉందన్నాకే మేం ముందుకు వెళ్లాం.

నాయుడుపేటలో ఉన్న మా అక్కకు ఈ సంగతి నచ్చలేదు. ఆ మందులన్నీ మింగే మనిషికి బిడ్డ ఎట్లా పుడతాడో ఏమో అని ఫోన్లో రోజూ దిగులుపడేది. దిగులు ఆమెది, నిద్ర కరువు మాది.

వణుకు మొదలైన వారానికి తలనొప్పి వచ్చింది, బీపీ పెరిగింది. పరీక్ష చేస్తే, కిడ్నీ దెబ్బతింటే పెరిగే క్రియాటినిన్ ఒకటి దగ్గర ఉండేది రెండుకు చేరువైంది. పదిలోపు ఉండాల్సిన టాక్రోలిమస్ లెవెల్ ఇరవై దాటింది. గర్భంలో ఈ లెవెల్ మామూలుగా తగ్గుతుందట, అందుకే డోసు పెంచుతూ వచ్చారు. ఇక్కడ అంతా తిరగబడింది. డాక్టరు కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. "రిజెక్షన్ కావచ్చు, గర్భంలో బీపీ పెరిగే ప్రీఎక్లాంప్సియా కావచ్చు, మందు ఎక్కువై కిడ్నీకి తగులుతుండవచ్చు. నాకు మూడోదాని మీదే అనుమానం. ఇంట్లో కషాయాలు, పసర్లు ఏమైనా ఇస్తున్నారా?"

లేదన్నాం. ఆవిడ డోసు సగం తగ్గించి పంపారు. అనుమానం అనే మాటను మాత్రం నేను ఇంటికి తెచ్చుకున్నాను.

మొదట మందుల షాపుకు వెళ్లి, మాత్రల అట్ట రంగు ఎందుకు మారిందని నిలదీశాను. షాపతను పాత అట్ట, కొత్త అట్ట పక్కపక్కన పెట్టి చదవమన్నాడు. అదే కంపెనీ, అదే మందు. తర్వాత ల్యాబుకు వెళ్లాను. ఈ రక్తం పొద్దుటి మాత్ర వేసుకోకముందే తీయాలి, మీరు తర్వాత తీశారేమో అన్నాను. అక్కడి అమ్మాయి రిజిస్టరు తిప్పి టైము చూపించింది. రక్తం ఇచ్చిన గంటకే మాత్ర వేసుకున్నానని హేమే చెప్పింది. రెండు చోట్లా నా అనుమానానికి అవమానమే మిగిలింది.

అప్పుడు అక్క ఫోన్ చేసింది. "మీ అత్త పాలల్లో ఏదో పొడి కలిపి ఇస్తాంటాదిరా. ఆయమ్మకు అన్నీ తెలుసునని పొగరు. ఒక కన్నేసి ఉంచు."

నేను రెండు కళ్లూ వేశాను. అత్త మా ఇంట్లోనే ఉండి కూతుర్ని చూసుకుంటోంది. ఆమె గుడికి వెళ్లిన సమయం చూసి సంచి వెతికాను. అడుగున పాత చీర ముక్కలో కట్టిన మూట, దాన్లో పసుపురంగు పొడి. దొంగ దొరికాడనుకున్నాను. ఆమె రాగానే మూట ముందు పెట్టి, పాలల్లో ఏం కలుపుతాండావు అత్తా అని అడిగాను.

ఆమె మూటను దగ్గరికి లాక్కుని ముడి బిగించింది. "కోసి ఇచ్చినేది నేను అల్లుడా. దాన్ని నేనే సెడగొట్టుకుంటానా?"

సంచి సర్దుకుని చిత్తూరు బస్సెక్కింది. హేమ ఏడవలేదు. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

ఆ వారంలోనే హేమను అడ్మిట్ చేశారు. ఇప్పుడు అత్త లేదు. మాత్రలు నర్సు తన చేత్తో ఇస్తోంది, రక్తం ఆసుపత్రిలోనే తీస్తున్నారు. డోసు అంత తగ్గించినా లెవెల్ తగ్గాల్సినంత తగ్గలేదు. మర్నాడు బయాప్సీ చేసి చూద్దామన్నారు. కడుపులో బిడ్డ ఉండగా, దాని పక్కనే ఉన్న కిడ్నీలోకి సూది. ఆ మధ్యాహ్నం హేమ నా చెయ్యి పట్టుకుని, "రెండింట్లో ఏదో ఒకటే మిగుల్తాదంటారేమో. అమ్మ ఇచ్చినేదా, నేను మోసేదా? నేను ఏమని చెప్పాల?" అంది.

నా దగ్గర ఉన్నవి పండ్లే. స్టీలు డబ్బా తెరిచి, ఒలిచి తెచ్చిన పంపరపనస తొనలు చేతిలో పెట్టాను. తమిళం కలిసిన మా నోళ్లలో బంబ్లిమాసు. నాలుగో నెలలో నోరు చప్పబడినప్పటి నుంచి హేమకు ఇదొక్కటే సహించేది. మా నర్సరీ వెనక చెట్టు నిండా కాసింది. బీపీ అని ఉప్పు కూడా తగలనివ్వకుండా పెట్టేవాణ్ణి. ఆ జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు కేస్ షీట్ వైపు వెళుతూ డబ్బా దగ్గర ఆగారు.

"ఇది ఎన్నాళ్లుగా తింటున్నారు?"

"రోజూ మేడమ్. రెండు పూటలా" అన్నాను, ఏదో బహుమతి వస్తుందన్నట్టు.

"మీరు నర్సరీ వాళ్లు కదా. గ్రేప్‌ఫ్రూట్ ఏ జాతిది?"

నోటిదాకా జవాబు వచ్చింది. పంపరపనసకు, నారింజకు కలిసి పుట్టిన సంకరమే అది. ఇరవై ఏళ్లుగా కొనేవాళ్లకు నేను చెప్పే ముక్కే. ఆపరేషన్ రోజు ఇచ్చిన కాగితంలో తినకూడనివాటిలో గ్రేప్‌ఫ్రూట్ బొమ్మ ఉంది. మన అంగళ్లలో దొరకని పండుతో మనకేం పని అని పేజీ తిప్పేశాను. బిడ్డపండును నిషేధిస్తే తల్లిపండు సంగతి ఆలోచించలేదు.

ఆ పండు పేగుల్లో ఈ మందును విరిచేసే ఎంజైమును ఆపేస్తుందని, వేసుకున్నది వేసుకున్నట్టు రక్తంలో పేరుకుంటుందని డాక్టరు చెప్పారు. అరవలేదు. బయాప్సీ వాయిదా వేశారు. డబ్బా నర్సుకు ఇచ్చేశారు. ఆవిడ దాన్ని పట్టుకెళ్లిన తీరు చూస్తే నేను తెచ్చింది పండు కాదు, పాము.

వారం తిరిగేసరికి లెవెల్ దిగింది, వణుకు ఆగింది. క్రియాటినిన్ మెల్లగా దిగి ఒకటీ పాయింట్ మూడు దగ్గర నిలబడింది. తర్వాత డోసు మళ్లీ పెంచాల్సి వచ్చింది. ప్రసవం దాకా వారం వారం రక్తపరీక్షే.

చిత్తూరు వెళ్లి అత్త ముందు కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పడానికి ఎంతసేపు పట్టిందంటే, మధ్యలో ఆమె లేచి నీళ్లు తెచ్చిచ్చింది. ఆ పొడి ఏందత్తా అని అప్పుడు అడిగాను. సున్నిపిండి. పుట్టబోయే బిడ్డకు స్నానానికని తనే విసిరి దంచుకుంది. పుట్టకముందే అన్నీ సిద్ధం చేయకూడదంటారని అడుగున దాచింది. "ఆశ ఉండాది గదా నాయనా. ఆశను యాడ పెట్టుకోవాల?" అంది. తిరుగు బస్సులోనే ఆమెను వెంటబెట్టుకుని వచ్చాను.

చివరి నెలలో బీపీ మళ్లీ ఎగిరింది. ముప్పై ఆరో వారంలో సిజేరియన్ చేశారు. ఆడబిడ్డ, రెండు కేజీల పైచిలుకు. కిడ్నీ జోలికి పోకుండా తీశామని సర్జన్ బయటికి వచ్చి చెప్పారు. ఈ మందులు వేసుకుంటూ పాలివ్వొచ్చా అని నేను మూడుసార్లు అడిగాను. ఇవ్వవచ్చని మూడుసార్లూ ఒకే జవాబు. నాలుగోసారి అడగబోతుంటే హేమ చూసిన చూపుకు ఊరుకున్నాను.

ఇప్పుడు పాపకు రెండేళ్లు. హేమ నర్సరీ లెక్కలు, నా మీద నిఘా, రెండూ చూసుకుంటోంది. నేను ఇంటికి తెచ్చే ప్రతి సంచినీ గుమ్మంలోనే అత్త తనిఖీ చేస్తుంది. న్యాయమే.

నాలాంటి వాళ్లకు చెప్పేది ఒక్కటే. కిడ్నీ మార్పిడి జరిగిన మనిషి తినే ప్రతి కొత్త వస్తువునూ, మందైనా పండైనా ఆకైనా, ఆసుపత్రిలో పేరు చెప్పి అడగండి. డాక్టరు అడిగితే కషాయాలు లేవని చెప్పి ఊరుకోకండి. పొద్దుటి నుంచి రాత్రి దాకా నోట్లోకి పోయినవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. ప్రేమతో పెట్టినవి ముందు రాయండి.

అక్క విషయం మిగిలింది. పాపను తొట్లో వేసిన రోజు ఆమె బంధువులందరి కంటే ముందు వచ్చింది. బిడ్డను ఒళ్లోకి తీసుకుని, గుడ్డ కొంచెం కొంచెం విప్పుతూ, పెదవులు కదుపుతోంది. మందులకు ఏదైనా తగ్గిందేమోనని చేతివేళ్లు, కాలివేళ్లు లెక్కపెడుతోంది. ఆ పక్కనే మా అత్త నిలబడి ఉంది. ఆమె చూసింది, నేనూ చూశాను. వెళ్లి ఆ గుడ్డ పూర్తిగా తీసేసి, చాలా మర్యాదగా అన్నాను.

"గట్టిగా లెక్కపెట్టక్కా. నాకు లెక్కలు రావు, అత్తకు కొంచెం చెవుడు."

తప్పించుకునే దారి లేదు. అక్క ఒకటి నుంచి మొదలుపెట్టింది. పదిహేను దగ్గర పాప ఆమె బుగ్గ మీద కాలితో తన్నింది. ఇరవై అనే మాట బయటికి వచ్చాకే నేను గుడ్డ తిరిగి కప్పాను.