షంషుద్దీన్ సొంత మాట

ఏలూరులో టముకు వేసే షంషుద్దీన్ పొడగరి. మెడలో వేలాడే టముకు బరువుకు కాస్త ముందుకు వంగి నడిచేవాడు. తప్పిపోయిన గేదె మొదలు పొలం వేలం దాకా ఇరవై ఏళ్ళుగా వీధి వీధికీ చాటింది అతనే. చెప్పమన్నది పొల్లుపోకుండా చెప్పి, పుల్ల చంకలో పెట్టుకుని, “ఇది వారి మాటండీ. ఇక నా మాట వినండి” అనేవాడు. వేలానికొచ్చిన పొలం మీద దావా ఉందనీ, చవక బట్ట ఒక్క ఉతుకుకే వెలుస్తుందనీ అప్పుడు బయటపడేది. పని ఇచ్చినవాళ్ళు తిట్టేవారు. అయినా అతన్నే పిలిచేవారు, జనం వినేది అతన్నే గనక.

పంతొమ్మిది వందల ముప్పైనాలుగులో, కొల్లేటికోట జాతరకు పడవలు నడిపే నరసరాజు అతన్ని పిలిపించి, “ఊళ్ళో కలరా లేదు, పడవలు ఎప్పటిలాగే వెళతాయని చాటాలి షంషుద్దీనూ” అన్నాడు. షంషుద్దీన్ చాటాడు. పుల్ల చంకలో పెట్టుకున్నాడు.

“ఇక నా మాటండీ. కలరా వచ్చింది. మా ఇంట్లోనే ఉంది. మా అమ్మాయి సుగ్రా మంచాన పడింది. పడవెక్కకండి. నీళ్ళు కాచి తాగండి. మా గుమ్మానికి మాత్రం ఎవరూ రాకండి.”

ఇంటికెళ్ళేసరికి భార్య కమరున్నీసా ఏడుస్తోంది. “ఇంటి సంగతి వీధిలో చెప్పేశారేంటండీ? రేపు మనకెవరొస్తారు?”

“రాకూడదనే చెప్పాను” అన్నాడతను.

మర్నాడు సుగ్రా పోయింది. ఎవరూ రాలేదు. ఆ ఇంట్లోనే ఉండే బావమరిది కరీం ముందు, తాను వెనక పట్టి పిల్లను మోసుకెళ్ళారు. వీధి పొడుగునా ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నాయి.