గోరింక తల మీది గీత

మొన్న పొద్దున మా అపార్ట్‌మెంటు పై అంతస్తులో ఉండే రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు గారు, మోచేతి పొడుగు లెన్సున్న కెమెరా మెడలో వేసుకుని లిఫ్టు దగ్గర నన్ను ఆపి, తిరుమలగిరి వైపు చెట్లలో తాను తీసిన పిట్టల ఫోటోలు ఫోనులో చూపించారు. ఒక గోరింక కాలికి దారం ముక్క చుట్టుకుని ఉంటే, చూడండమ్మా అంటూ దాన్ని వేలితో ఒక్కసారి రుద్ది మాయం చేసి, బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. ఈ మోకాళ్ళతో అక్కడ నిలబడి వాదించే ఓపిక నాకెక్కడిది? కానీ ఇంట్లోకొచ్చి కుర్చీలో కూలబడ్డాక ఆ రోజంతా ఏ పని మీదికీ మనసు పోలేదు.

మారేడ్‌పల్లిలో మా పెద్దనాన్నకు ఫోటో స్టూడియో ఉండేది. నేను పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చుంటే, ఊరికే ఉండి ఏం చేస్తుందిలే అని నన్ను తీసుకెళ్ళి టచింగ్ బల్ల ముందు కూర్చోబెట్టారు. నా ఈడు వాళ్ళకు ఆ పని గుర్తుండే ఉంటుంది. అద్దం పలక మీద నెగటివ్ పెట్టి, కింద నుంచి వెలుగు తగిలేలా చూసుకుని, నలుపు తెలుపులు అందులో తారుమారు కనుక, ఫోటోలో ముఖం మీద నల్లగా పడే మచ్చలను సూదిలా చెక్కిన పెన్సిల్‌తో పూడ్చాలి, తెల్ల మచ్చలైతే బ్లేడు మొనతో గీకాలి. పెన్సిల్ తప్పు పోతే తుడిచేయవచ్చు, బ్లేడు తప్పు పోతే అంతే సంగతులు. పెళ్ళిచూపులకు పంపే ఫోటోలైతే తల్లులు నా పక్కకు వచ్చి, ఎవరూ వినకుండా, పిల్ల చెంప మీద గాటు కనబడనీయకమ్మా అని చెప్పి వెళ్ళేవారు. గాటుతో ఫోటో బయటికి పోతే షాపు పరువు పోయినట్టేనని నాకు మొదటి నెలలోనే ఒంటబట్టింది. రెండేళ్ళు తిరిగేసరికి నా చేతికి పేరొచ్చింది, పేరుతో పాటు గర్వమూ వచ్చింది, దాచుకోవడం దేనికి.

గడ్డం పైకెత్తు, కళ్ళు ఇటు అని జనాన్ని కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ పెద్దనాన్న విసిగిపోయి ఉంటారు. ఎలా కూర్చోమంటే అలా కూర్చునేవాళ్ళ ముఖంలో ఏముంటుంది బిడ్డా అనేవారు. ఆయనకు పిట్టల పిచ్చి పట్టింది. దూరం నుంచి తీసే లెన్సు కొనే స్తోమత లేదు కనుక పిట్ట దగ్గరికి మనమే పోవాలన్నది ఆయన పద్ధతి. స్టూడియో వెనక గోడ మీదికి రోజూ చాయ్ వేళకు ఒక గోరింక వచ్చేది. గాలిపటం మాంజా కోసిందేమో, దాని నల్లటి తల మీద కంటి పక్క నుంచి మెడ దాకా ఈకలు మళ్ళీ మొలవక ఒక తెల్లటి గీత ఉండేది. తక్కిన గోరింకలు బిస్కెట్ ముక్క ఎత్తుకుని ఎగిరిపోతే, ఇది మాత్రం వర్క్‌షాపు మేస్త్రీలా గోడంతా నడిచి, ఆ గీత ఉన్న పక్కను మన వైపే తిప్పి, ఒంటి కన్నుతో తేరిపార చూసి, నమ్మకం కుదిరాకే నోట కరిచేది. దెబ్బ తిన్న పక్కనే కాపలా పెట్టుకున్నదని పెద్దనాన్న మురిసిపోయేవారు.

ఆయన స్టూలు వేసుకుని కూర్చుని వారానికొక అడుగు చొప్పున గోడకు దగ్గరగా జరిగారు. కెమెరా చప్పుడుకు పిట్ట బెదురుతోందని రీలు లేకుండానే ఎన్నో రోజులు ఉత్తినే క్లిక్ క్లిక్ మనిపించారు. పెద్దమ్మ తల కొట్టుకునేది, పక్క టైలరు నవ్వేవాడు. అలా చలికాలమంతా గడిచాక, రీలు వేసి తీసిన పన్నెండింటిలో ఒక్కటంటే ఒక్కటి కుదిరింది. తల వంచి, గీత మీద ఎండ పడుతూ, వీడెవడ్రా అన్నట్టు కెమెరాలోకి చూస్తున్న చూపు. హైదరాబాదులో ఫోటోగ్రాఫర్లు పెట్టే ప్రదర్శనకు దాన్ని పంపాలనుకున్నారు. అంతమంది పెళ్ళిళ్ళూ పేరంటాలూ తీసిన మనిషి, తన కోసమని తీసుకున్నది అదొక్కటే. ఆ మాట తోటి స్టూడియోల వాళ్ళందరికీ చెప్పుకున్నారు కూడా.

నెగటివ్ నా చేతికిచ్చి, దుమ్ము చుక్కలు పూడ్చమని చెప్పి, రెండు రోజులు పెళ్ళి పని మీద వెళ్ళారు. నేను చుక్కలు పూడ్చాను. ఆ తర్వాత ఆ గీత కనబడింది. పెద్దనాన్న పేరుతో పదిమంది ముందుకు పోయే ఫోటోలో గాటేమిటి అనిపించింది. బ్లేడు తీసి, ఊపిరి బిగబట్టి, ఒక్కో ఈక ఆనవాలు మిగిల్చుకుంటూ, పొద్దున కూర్చున్నదాన్ని మధ్యాహ్నం అన్నానికి కూడా లేవకుండా గీకాను. నా జన్మలో అంత నాణెంగా మరే పనీ చేయలేదు.

ఆయన వచ్చాక ఇద్దరమూ చీకటి గదిలోకి వెళ్ళాం. మందు నీళ్ళలో కాగితం మీద గోరింక మెల్లగా తేలుతుంటే, మెచ్చుకోలు కోసం నేను ఆయన ముఖమే చూస్తున్నాను.

“గిదెవలు బిడ్డా?” అన్నారు.

వేళాకోళమనుకున్నాను. “మన గోరింకే పెద్దనాన్నా. గీత తీసేసిన” అన్నాను.

ఆయన కాగితం మీదికి వంగి ఆ నున్నటి తలనే చూశారు. చివరికి, “పని మంచిగనే చేసినవ్ బిడ్డా. పిట్టనే లేదు” అని, ఆ కాగితాన్ని నీళ్ళలోనే వదిలేసి బయటికి వెళ్ళిపోయారు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదని నాకు అనిపించింది.

ప్రదర్శనకు ఏమీ పంపలేదు. గోడ దగ్గర మళ్ళీ స్టూలు వేసుకున్నారు గానీ, ఎండలు ముదిరాక ఆ గోరింక రావడం మానేసింది. వానల తర్వాత వచ్చినవన్నీ నున్నటి తలలవే. ఏమైందన్నా మీ పిట్ట అని అడిగినవాళ్ళకు, రీలు కడిగేటప్పుడు పాడైందని చెప్పేవారు. ఒకరోజు తోటి స్టూడియో ఆయన వచ్చి కూర్చుని, “ఏందన్నా, గిన్నేండ్ల సంది కడుగుతున్నవ్, గీ ఒక్క రీలు కడుగుడు రాలేదా నీకు?” అని నలుగురిలో నవ్వాడు. పెద్దనాన్న కూడా నవ్వారు. నేను మూడడుగుల దూరంలో, తేలు కుట్టిన దొంగలా, తలెత్తకుండా పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నాను. ఆ తర్వాత పదేళ్ళు ఆ బల్ల దగ్గరే పని చేశాను. ఆయన ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు, నేను ఒక్కనాడూ ఎవరికీ నిజం చెప్పలేదు.

ఇప్పుడు తీసేసినదాన్ని ఒక్క మీట నొక్కితే మళ్ళీ తెచ్చుకోవచ్చునట, ఆఫీసరు గారే చెప్పారు. మంచిదే, ఎవరి తప్పూ ఎవరూ నెత్తిన వేసుకోనక్కర్లేదు. నా చేతి కింద నుంచి వేల ముఖాలు పోయాయి, కళ్ళు అక్కడే అరిగిపోయాయి, అందులో ఒక్క ముఖం కూడా ఇవాళ గుర్తు లేదు. ఆ గోరింక ముఖం మాత్రం గీతతో సహా గుర్తుంది. పెద్దనాన్న లేరు, పెద్దమ్మ లేదు, నవ్విన ఆ స్టూడియో ఆయనా పోయాడు. వినవలసిన వాళ్ళెవరూ మిగల్లేదు కనుక మీకే చెబుతున్నాను. ఆ రీలు కడగడంలో పాడవలేదు. నేను పాడు చేశాను.