తాయమ్మ బొట్టు

మా ఇంట్లో నామం పెట్టుకోకుండా పీట మీద కూర్చుంటే మా అమ్మ పెరుందేవి అన్నం వడ్డించేది కాదు. ఆ అలవాటు పోక, యూనివర్సిటీలో చేరాక కూడా నా నుదుట నామం ఉండేది. దాన్ని చూసి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నుదుటి గుర్తు ఒక మనిషిని ఎంతగా నలిపేయగలదో నాకు గోవిందును చూశాకే తెలిసింది.

హాస్టల్లో వాడూ నేనూ ఒకే గది. ఇద్దరం న్యాయశాస్త్రంలో పరిశోధన చేసేవాళ్లం. వాడిది పాకాల దగ్గర పల్లె. నాయన చెంగల్రాయుడు రైల్వేలో గ్యాంగ్‌మన్, అమ్మ తాయమ్మ కూలికి పోయేది. వాళ్ల మాలపల్లె మొత్తం తాతల కాలంలోనే చర్చిలో కలిసింది. ఇంట్లో వాడి పేరు శాంతయ్య. బళ్లో చేర్చిన రోజు ముసలి అయ్యవారు, "ఈ పేరు రాస్తే పిల్లోడికి స్కాలర్‌షిప్పు రాదు తల్లీ" అని జాలిపడి, గోవిందు అని రాసేశాడు. హిందువుగానో సిక్కుగానో ఉంటేనే షెడ్యూల్డు కులం, ఏసును నమ్మితే ఆ కులం లేనట్టే అని రూలు. ఊళ్లో టీకొట్టు వాడు మాత్రం తాయమ్మకు గ్లాసు వేరే పెట్టేవాడు. నువ్వు ఏ దేవుడికి మొక్కుతున్నావని వాడు ఆమెను ఎప్పుడూ అడగలేదు.

గోవిందు పరిశోధనకు పట్టుకున్నది కూడా ఆ రూలునే. మతం మారినంత మాత్రాన అంటరానితనం పోతుందా, పోకపోతే రాజ్యాంగం ఇస్తానన్న సమానత్వం సంగతేమిటి అని. వేరే విషయం ఏదైనా చూసుకోరా, నిప్పుతో చెలగాటం దేనికి అన్నాను.

"ఇది తప్ప నాకింకేం తెలుసప్పా" అన్నాడు.

ఎనభై నాలుగు చలికాలంలో తిరుపతిలో రాజ్యాంగ న్యాయ సదస్సు పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో కుర్ర పరిశోధకులు పేపర్లు పట్టుకుని దిగారు. నా పేపరు మొదటి రోజే ఆవలింతల మధ్య అయిపోయింది. గోవిందుది మర్నాడు. కొడుకు మాట్లాడేది చూడాలని తాయమ్మ పొద్దున రైలుకు వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల చీర, బోసి నుదురు. వాళ్లలో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు.

స్టేషన్ బయట కుంకుమ కొట్టు ముందు గోవిందు ఆగిపోయాడు. హాల్లో డిపార్టుమెంటు వాళ్లంతా ఉంటారు. రేపు లెక్చరరు పోస్టుకు ఇంటర్వ్యూ చేసేదీ వాళ్లే. ఎవడికో అనుమానం వచ్చి ఆకాశరామన్న ఉత్తరం ఒకటి రాసి పడేస్తే కులం సర్టిఫికెట్టు పోతుంది, దాంతో చదువూ పోతుంది.

"మా, ఈ ఒక్క పూటా..." అన్నాడు.

ఆమె కొడుకు ముఖం చూసింది. కొట్లో రాశి పోసిన కుంకుమ చూసింది.

"నాకు సరింగా పెట్టుకోను రాదే. నువ్వే పెట్టు" అంది.

వాడే పెట్టాడు. బొట్టు కాస్త పక్కకు పోయింది.

పేపరు మాత్రం అద్భుతంగా చదివాడు. ఆవలించేవాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు. అయిపోగానే మద్రాసు నుంచి వచ్చిన ఒక ముసలి ప్రొఫెసరు లేచి ఇంగ్లీషులో మెచ్చుకుని, ఒకే ప్రశ్న వేశాడు. "ఇవన్నీ తీర్పుల్లోంచి తీశారు. ఇలా నలుగుతున్న కుటుంబం ఒక్కటైనా మీకు స్వయంగా తెలుసా?"

ఆయన మంచి మనసుతోనే అడిగాడు. గోవిందు చూపు చివరి వరసకు పోయింది. అక్కడ తాయమ్మ, ఒక్క ముక్క అర్థం కాకపోయినా, కొడుకునే చూస్తూ మురిసిపోతోంది.

"తెలియదు సార్. చదివినవే" అన్నాడు.

దొంగకు తేలు కుట్టినట్టు అంటారు. వాడు దొంగ కాడు, తేలు మాత్రం కుట్టింది.

భోజనాల దగ్గర ఆకు ముందు తాయమ్మ అలవాటుగా కళ్లు మూసుకుని చేతులు జోడించబోయింది. ఎదురుగా కొడుకు ముఖం చూసి చేతులు ఒళ్లో పెట్టేసుకుంది. ప్రార్థన చేయకుండా అన్నం ముట్టడం ఆమెకు అదే మొదలేమో, సగం ఆకులోనే వదిలేసింది.

సాయంత్రం ఆమెను రైలెక్కించడానికి ఇద్దరం వెళ్లాం.

"ఆ పెద్దాయన ఏమడిగినాడు సామీ? మావోడి మొగం అట్ల మాడిపాయ" అని నన్ను అడిగింది. గోవిందే చెప్పేశాడు.

"మనట్లాంటోళ్లు తెలుసా అని అడిగినాడు మా. తెలీదన్నాను."

"మంచి పనే చేసినావు నాయనా. ఉద్యోగం వచ్చిందాకా తెలీనట్టే ఉండు" అంది. రైలు కదిలాక వాడు ప్లాట్‌ఫారం మీదే కూలబడి ఏడ్చాడు.

ఉద్యోగం వచ్చింది, చిత్తూరులో ఒక కాలేజీలో. వచ్చాక అది పర్మనెంటు కావాలి, అయ్యాక ప్రమోషన్ కావాలి. ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది గానీ భయానికి లేదు. తాయమ్మ కొడుకింటికి వచ్చినప్పుడల్లా బస్టాండులోనే బొట్టు పెట్టుకుని వచ్చేది. నుదుటి మధ్యలో, గుండ్రంగా. నేర్చుకుంది పాపం. ఆ సదస్సు పేపరును గోవిందు మళ్లీ ముట్టుకోలేదు.

ఎనభై తొమ్మిదిలో ఆమె పోయింది. నేను వాళ్ల పల్లెకు వెళ్లేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. లోపల గోడకు ఏసు పటం ఉండేచోట మేకు ఒక్కటే ఉంది. చెంగల్రాయుడు ఓ మూల కూర్చున్నాడు. పాస్టరు లేడు, పాట లేదు. తాయమ్మ నుదుట రూపాయంత బొట్టు. నాకు ఒళ్లు మండింది. చచ్చిన మనిషికి కూడా ఈ వేషం దేనికని పక్కింటి గంగులమ్మను అడిగాను.

"మేమెందుకు పెడతాం సామీ, ఆమే చెప్పి పోయింది. మావోడి కాలేజీవాళ్లు వస్తారు, బొట్టు మరవబాకండి, పాస్టరును పిలవబాకండి అనింది."

గోవిందు తడిగుడ్డ తీసుకుని తల్లి తల దగ్గర కూర్చున్నాడు. తుడిచెయ్యరా అని నా ప్రాణం కొట్టుకుంది. నామం పెట్టుకున్నవాడికి అలా అనుకోవడం తేలికే. అంతలో ప్రిన్సిపాలూ తోటి లెక్చరర్లూ పూలదండ పట్టుకుని వాకిట్లోకి వచ్చారు. వాడు తలెత్తి వాళ్లను చూశాడు.

అమ్మ చెంపలు తుడిచాడు. గడ్డం తుడిచాడు. నుదుటి జోలికి పోకుండా గుడ్డ పిండేశాడు.